రిపోస్ట్‌ను ‘ఎదురుదాడి’ అని రాయవచ్చా? అసలు ఆ మాట ఎక్కడిది?

తిరుపతి_పీఈటీ:

నమస్కారమండీ. మా బడిలో ఫెన్సింగ్‌లో (కత్తుల ఆటలో) ఫాయిల్, సాబర్ అనే రెండు రకాల కత్తులతో ఆడడం నేర్చుకునే పిల్లల కోసం ఆట మాటలన్నీ తెలుగులో ఒక నాలుగు పేజీలు రాస్తున్నాను. పారీ వరకు సాఫీగానే సాగింది. రిపోస్ట్ దగ్గర తేలడం లేదు.

పత్రికల్లో రిపోస్ట్‌నూ ఎదురుదాడి అంటున్నారు, కౌంటర్ అటాక్‌నూ ఎదురుదాడే అంటున్నారు. పోటీలో మాత్రం రిఫరీ రెండింటినీ ఒకేలా చూడడు. అదీగాక పిల్లలు దీన్ని ఫోన్లో చేసే ‘రీపోస్ట్’ అనుకుని దీర్ఘం తీసి పలుకుతున్నారు.

నాకు తెలియాల్సినవి: ఈ మాట ఏ భాషది, మొదట్లో దాని అర్థం ఏమిటి? కౌంటర్ అటాక్‌కూ దీనికీ తేడాను పన్నెండేళ్ళ పిల్లలకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? తెలుగులో ఏ మాట వాడితే బాగుంటుంది?

సాబర్_రిఫరీ_చిత్తూరు:

రెండింటికీ ఒకే మాట పెట్టకండి సార్. పెడితే పిల్లలు పోటీలో పాయింట్లు పోగొట్టుకుంటారు.

మధ్యలో పారీ ఉందా లేదా అన్నదే తేడా. ప్రత్యర్థి పొడవడానికి వచ్చాడు. మీ కత్తితో అతని కత్తిని పక్కకు తప్పించారు. అది పారీ. తప్పించిన వెంటనే మీరు పొడిచారు. అది రిపోస్ట్. అలా కాకుండా, అతను వస్తూ ఉండగానే అతని కత్తిని ముట్టుకోకుండా మీరు చెయ్యి చాపి పొడిస్తే అది కౌంటర్ అటాక్. చూసేవాళ్ళకు రెండూ ‘వాడు రాగానే వీడు పొడిచాడు’ అన్నట్టే ఉంటాయి. పత్రికల్లో రెండూ కలిసిపోయేది అందుకే.

దెబ్బ తగిలితే యంత్రం మీద లైటు వెలుగుతుంది. ఫాయిల్‌లో, సాబర్‌లో ఇద్దరివీ తగిలి రెండు లైట్లూ వెలిగితే పాయింటు ఎవరిదో తేల్చేది ప్రాధాన్యం. ముందుగా చెయ్యి చాపుతూ దాడి మొదలుపెట్టినవాళ్ళకు ఆ హక్కు ఉంటుంది. పారీ సరిగ్గా పడిందంటే హక్కు కాచుకున్నవాళ్ళకు మారుతుంది. కాబట్టి పారీ, రిపోస్ట్ చేసిన పిల్లకు రెండు లైట్లు వెలిగినా పాయింటు వస్తుంది. కౌంటర్ అటాక్ చేసిన పిల్లకు రెండు లైట్లు వెలిగితే రాదు, అది దాడి చేసినవాళ్ళదే. కౌంటర్ అటాక్ నెగ్గాలంటే దాడి గురి తప్పాలి, లేదా దాడిలోని చివరి కదలిక మొదలయ్యేలోపే తన దెబ్బ తగిలి ఉండాలి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. దాన్ని తప్పకుండా మీ కాగితంలో పెట్టండి. హక్కు ఉన్నా లైటు లేకపోతే పాయింటు లేదు. ఒక దెబ్బ నమోదయ్యాక ఫాయిల్ యంత్రం సుమారు 300 మిల్లీసెకన్లు, సాబర్ యంత్రం సుమారు 170 మిల్లీసెకన్లు మాత్రమే రెండో దెబ్బ కోసం చూస్తుంది. ఆ తర్వాత తగిలినదాన్ని తీసుకోదు. సాబర్‌లో 2016కు ముందు ఇది 120 మాత్రమే. పారీ అయ్యాక దాడి చేసినవాళ్ళు చెయ్యి వెనక్కి తియ్యకుండా అక్కడే మళ్ళీ పొడుస్తారు. దాన్ని రిమీజ్ అంటారు. రిమీజ్ ముందు తగిలి, మీ రిపోస్ట్ ఆ గడువు దాటాక తగిలితే వెలిగేది ఒక్క లైటే. అప్పుడు రిఫరీ చెయ్యగలిగింది ఏమీ లేదు.

గడువులోపే తగిలినా, పారీకి రిపోస్ట్‌కి మధ్య ఆగితే హక్కు పోతుంది. కాచుకున్నాక క్షణం నిలబడి ఆలోచిస్తే ఆ ఖాళీలో వచ్చిన రిమీజ్‌కే ప్రాధాన్యం ఇస్తాం. మన జిల్లా స్థాయి పోటీల్లో ‘నేను ఆపాను కదా సార్, పాయింటు వాళ్ళకు ఎందుకిచ్చారు’ అన్న ప్రశ్న ఎక్కువగా వచ్చేది ఇక్కడే.

పదాల_పుట్ట:

మాట పుట్టుక నేను చెబుతాను.

ఇంగ్లీషులోకి ఇది 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి నుంచి వచ్చింది. ఫ్రెంచిలో పాత రూపం ‘రిస్పోస్త్’. తర్వాత మొదటి ‘స్’ జారిపోయి ‘రిపోస్త్’ అయింది. ఫ్రెంచివాళ్ళు దాన్ని ఇటాలియన్ నుంచి తీసుకున్నారు. ఇటాలియన్‌లో ‘రిస్పోస్తా’ అంటే జవాబు. ఈరోజుకీ అక్కడ ఉత్తరానికి రాసే జవాబునూ, పరీక్షలో రాసే జవాబునూ రిస్పోస్తా అనే అంటారు. దాని మూలం లాటిన్ ‘రెస్పోందెరే’. ‘రె’ అంటే తిరిగి, ‘స్పోందెరే’ అంటే మాట ఇవ్వడం, పూచీ పడడం. మనం రోజూ వాడే ‘రెస్పాన్స్’, ‘స్పాన్సర్’ రెండూ ఆ వేరు నుంచి వచ్చినవే.

కాబట్టి మాటలోనే నియమం ఉంది మాస్టారూ. జవాబు అనాలంటే ముందు ప్రశ్న రావాలి, దాన్ని విని అందుకోవాలి. ప్రశ్న అడుగుతుండగానే అడ్డం పడి మాట్లాడితే అది జవాబు కాదు, కౌంటర్ అటాక్. పిల్లలకు ఇలా చెబితే చాలు, మరిచిపోరు.

ఇది ఇటాలియన్ మాట కావడంలో వింత లేదు. 16వ శతాబ్దంలో కత్తిసాము నేర్పడంలో ఇటలీ గురువులకు ఐరోపా అంతా పేరుండేది. ఫ్రెంచివాళ్ళు విద్యతో పాటు మాటలూ తెచ్చుకున్నారు. పారీకి మూలమైన ‘పరారే’ కూడా ఇటాలియనే, అడ్డుకోవడం అని. ఎండను అడ్డుకునే పారసోల్, పడిపోకుండా కాచే పారాచూట్, వీటిలో ఉన్న ‘పారా’ అదే. ఫాయిల్‌కు ఫ్రెంచి పేరు ‘ఫ్లోరే’, ఇటాలియన్‌లో ‘ఫియొరెత్తో’. చిన్న పువ్వు అని అర్థం. సాధనలో గుచ్చుకోకుండా మొనకు పెట్టే బొడిపె మొగ్గలా కనబడేది.

ఫెన్సింగ్ అన్న మాట గురించి కూడా పిల్లలు అడుగుతారు. మన వైపు ఫెన్సింగ్ అంటే మామిడి తోట చుట్టూ వేసే ముళ్ళకంచె, లేకపోతే పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు రాకుండా కట్టే సోలార్ తీగ. కత్తుల ఆటకు ఆ పేరేమిటని అనుమానం వస్తుంది. రెండూ ఒక్క మాటే. ఇంగ్లీషు ‘డిఫెన్స్’లో ముందు అక్షరం రాలిపోగా మిగిలినది ‘ఫెన్స్’. కాచుకునే విద్య ఫెన్సింగ్ అయింది, కాచే కట్టడం ఫెన్స్ అయింది. ఫ్రెంచిలో ఈ ఆటను ‘ఎస్క్రీమ్’ అంటారు. దాని వేరు జర్మానిక్ భాషలది, అర్థం అక్కడా కాపాడడమే.

పలుకుబడి సంగతి. ‘రి’ హ్రస్వం, బరువు ‘పో’ మీద. ఫ్రెంచివాళ్ళ చివరి ‘త’ మన ‘త’లాగే పళ్ళకు తగులుతుంది, అందుకని రిపోస్త్ అన్నా తప్పు లేదు. ఇంగ్లీషు పద్ధతిలో రిపోస్ట్. దీర్ఘం మాత్రం వద్దు. రీపోస్ట్ అంటే మళ్ళీ పెట్టడం, అది వేరే మాట.

ఫాయిల్_కోచ్:

పైన చెప్పినవి బాగున్నాయి. రిపోస్ట్ చేతికి ఎలా రావాలో కూడా ఆ నాలుగు పేజీల్లో ఉంటే మేలు. కుడిచేతి ఫాయిల్‌కు, లోపలివైపు వచ్చే పోటుకు రాస్తున్నాను. పారీలకు అంకెలుంటాయి. ఇది నాలుగో పారీ, ఫ్రెంచిలో కార్త్.

మొదట నిలబడడం. చెయ్యి ఆరో స్థానంలో, అంటే కుడివైపును కాచే చోట, మోచెయ్యి ఒంటికి జానెడు దూరంలో, మొన ప్రత్యర్థి భుజం ఎత్తులో. పోటు వచ్చినప్పుడు చెయ్యి అడ్డంగా ఎడమకు జరగాలి. ఎంత అంటే 10 నుంచి 15 సెంటీమీటర్లు, అంతే. గార్డు, అంటే పిడి ముందు చేతిని కాచే గిన్నె, మీ ఒంటి ఎడమ అంచు దగ్గర ఆగాలి, దాటకూడదు. మొన మాత్రం ప్రత్యర్థి వైపే చూస్తూ ఉండాలి. తగలాల్సింది మీ అలుగులో గార్డు దగ్గరి మూడో వంతు, ప్రత్యర్థి అలుగులో మొన దగ్గరి భాగానికి. ఈ కొలత తప్పితే, అంటే మీ కొనతో వాళ్ళ మొదలును తోయబోతే, ఎంత బలమున్న పిల్లవాడైనా ఆపలేడు. అక్కడ తేలేది బలం కాదు, తగిలిన చోటు.

తగిలిన వెంటనే చెయ్యి చాపాలి. చెయ్యి ముందు, కాలు తర్వాత. ప్రత్యర్థి ముందుకాలు పూర్తిగా చాపి వచ్చి ఉంటే మీకు కాలు కదపాల్సిన పనే లేదు, చెయ్యి చాపితే మొన అందుతుంది. అప్పుడు కూడా అడుగు ముందుకు వేస్తే మరీ దగ్గరైపోయి మొన వాళ్ళ వీపు వెనక్కి పోతుంది. ప్రత్యర్థి వెనక్కి లేచిపోతుంటే మాత్రం మీ ముందుకాలు చాపాలి.

పిల్లల్లో తరచూ చెడేవి ఇవి.

చెయ్యి విసరడం. ఇదే అన్నిటికంటే ఎక్కువ. పోటును చూసి భయపడి కత్తిని ఎడమకు రెండింతలు ఊపుతారు. ఆగుతుంది, నిజమే. కానీ మొన గోడ వైపు తిరిగి ఉంటుంది, మళ్ళీ తెచ్చేలోపు రిమీజ్ తగులుతుంది. పైగా ప్రత్యర్థి దొంగపోటు చూపించి కత్తిని కింది నుంచి అవతలికి తిప్పితే కుడివైపంతా తెరుచుకుని ఉంటుంది. మందు ఒకటే, పారీని ఆలస్యంగా చేయించడం. పోటు చివరి బెత్తెడు మిగిలినప్పుడు చేసే పారీ దానంతట అదే చిన్నదవుతుంది.

పారీ తర్వాత మోచెయ్యి వెనక్కి లాగి పొడవడం. గట్టిగా పొడవాలన్న ఆశ. ఫాయిల్ మొనకు 500 గ్రాముల ఒత్తిడి చాలు, మూడో రకం కత్తి అయిన ఎపీకి 750. వెనక్కి లాగినందువల్ల లాభం లేదు, నష్టం మాత్రం ఉంది. రిఫరీకి అది ఆగినట్టే కనబడుతుంది.

వెనక్కి వాలడం. తల వెనక్కి పోతే బరువు వెనక మడమ మీద పడుతుంది, చెయ్యి చాపినా నాలుగు వేళ్ళు తక్కువ పడుతుంది. 

మొన పక్కగా గీసుకుపోవడం. ఫాయిల్‌లో మొన బొత్తాం 15 మిల్లీసెకన్ల దాకా నొక్కి ఉంటేనే యంత్రం తీసుకుంటుంది. 2005లో ఆ వ్యవధి పెంచారు. అంతకుముందు గీరినా వెలిగేది. ఇప్పుడు మొన నేరుగా దిగాలి.

సాధన ఇలా పెట్టండి. జంటలుగా నిలబెట్టి, దాడి చేసే పిల్ల కాలు చాపి అక్కడే ఆగాలి, కాచుకునే పిల్ల పారీ, రిపోస్ట్ చెయ్యాలి. ఐదుసార్లు. తర్వాతి ఐదింటిలో దాడి చేసిన పిల్ల వెంటనే వెనక్కి లేవాలి, అప్పుడు రిపోస్ట్‌కి కాలు కూడా చాపాలి. ఆఖరి ఐదింటిలో దాడి చేసిన పిల్ల రిమీజ్ చెయ్యాలి. ఈ మూడోది లేకుండా మొదటి రెండే చేయిస్తే పోటీలో తేలిపోతారు, ఎందుకంటే అక్కడ ఎవరూ ఆగి నిలబడరు. నెమ్మదిగా చేసినా మాస్కు, జాకెట్టు, లోపలి ప్లాస్ట్రన్ (జాకెట్టు కింద వేసుకునే రక్షణ తొడుగు), గ్లవ్స్ లేకుండా ఒక్క పోటు కూడా వద్దు. విరిగిన అలుగుకు నెమ్మది, వేగం తేడా తెలియదు.

తిరుపతి_పీఈటీ:

ముగ్గురికీ కృతజ్ఞతలు. సాబర్ పిల్లలకు వేరే చెప్పాల్సింది ఏమైనా ఉందా సార్? ఇద్దరు ఎపీ కూడా అడుగుతున్నారు.

సాబర్_రిఫరీ_చిత్తూరు:

సాబర్‌లో మొదట నేర్పే పారీలు మూడు. మూడోది కుడి పక్కకు, నాలుగోది ఎడమ పక్కకు, ఐదోది తలకు. నాలుగో పారీ నుంచి ప్రత్యర్థి కుడి పక్కటెముకల మీదికి, ఐదో పారీ నుంచి వాళ్ళ నడుము మీదికో తల మీదికో రిపోస్ట్ తేలిక. సాబర్ అలుగు వంగుతుంది కాబట్టి సరిగ్గా కాచుకున్నా కొన మీ మీదికి వంగి తగిలి లైటు వెలగొచ్చు. పారీ సరిగ్గా ఉంటే అలా తగిలినదాన్ని దెబ్బగా లెక్కపెట్టం, రిపోస్ట్‌కే ఇస్తాం. పారీ ఆలస్యమై, దెబ్బ వచ్చే దారి మూసుకోకముందే దెబ్బ పడి ఉంటే మాత్రం అది చెడిన పారీ. పాయింటు దాడిదే.

కత్తిని కొట్టి దాడికి వచ్చే పిల్లలకు ఒక నియమం చెప్పండి. ప్రత్యర్థి అలుగు కొనవైపు మూడింట రెండు వంతుల్లో కొడితే అది మంచి బీట్, హక్కు మీదే. గార్డు దగ్గరి మూడో వంతుకు తగిలితే అది వాళ్ళు చేసిన పారీతో సమానం. వెంటనే రిపోస్ట్ చేసే హక్కు వాళ్ళకు వెళ్ళిపోతుంది. ‘నేనే కదా సార్ కొట్టింది’ అన్నా లాభం లేదు.

ఎపీలో ప్రాధాన్యం లేదు. ఇద్దరి దెబ్బలూ 40 మిల్లీసెకన్ల లోపు తగిలితే ఇద్దరికీ చెరో పాయింటు. పారీ చేసి కత్తిని వదిలేసి పొడిస్తే రిమీజ్ కూడా తగిలి డబుల్ అవుతుంది. అందుకే ఎపీలో ప్రత్యర్థి అలుగును వదలకుండా, దాన్ని అదిమిపట్టి జారుతూ పొడిచే రిపోస్ట్ నేర్పుతారు.

గరిడీ_వీధి:

తెలుగు మాట గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

ఈ ఆటకు కావాల్సిన మాటలు మనకు పాతకాలం నుంచి ఉన్నాయి. సాము నేర్పే చోటు గరిడి. మొనతో గుచ్చితే పోటు, అంచుతో నరికితే వేటు. ఈ రెండు మాటల మీదే మూడు ఆయుధాల తేడా మొత్తం చెప్పేయవచ్చు. ఫాయిల్, ఎపీలలో పోటు ఒక్కటే చెల్లుతుంది. సాబర్‌లో వేటూ చెల్లుతుంది, పోటూ చెల్లుతుంది. పారీకి ‘కాపు’ సరిపోతుంది. నాలుగో కాపు, ఐదో కాపు అంటే పిల్లలకు వెంటనే పడుతుంది.

రిపోస్ట్‌కి నా ఓటు ‘మారుపోటు’. మారుమాట అంటే తిరిగి చెప్పే మాట కదా, అదే అచ్చు. ఇటాలియన్ రిస్పోస్తాకు ఇంతకంటే దగ్గరి మాట నాకు తోచలేదు. సాబర్‌లో నరికితే మారువేటు. ఎదురుదాడి అన్న మాటను కౌంటర్ అటాక్‌కే వదిలేయండి, ఎందుకంటే అందులో నిజంగానే దాడికి ఎదురుగా వెళ్ళడం ఉంది, కాపు లేదు.

పదాల_పుట్ట:

మారుపోటు చాలా బాగుంది. అయినా రిపోస్ట్ అన్న అసలు మాటను పిల్లల నోట్లోంచి తీసేయవద్దు, పక్కనే ఉంచండి. అంతర్జాతీయ ఫెన్సింగ్ సమాఖ్య 1913లో పారిస్‌లో ఏర్పడింది, ఆట ఆజ్ఞలు ఫ్రెంచిలోనే నిలిచిపోయాయి. మన పిల్ల జాతీయ పోటీకి వెళ్ళినా, బయటి దేశం వెళ్ళినా వినబడేది ‘ఆన్ గార్డ్, ప్రే, అలే’ (కాచుకుని నిలబడండి, సిద్ధమా, మొదలుపెట్టండి), తర్వాత ‘అటాక్, పరాడ్, రిపోస్త్, తూష్’ (దాడి, పారీ, రిపోస్ట్, తగిలింది). ఆ చివరి నాలుగు మాటల్లో రిఫరీ తన నిర్ణయానికి కారణం చెబుతున్నాడు. అర్థమైతే పిల్లకు ఎక్కడ పోయిందో అక్కడికక్కడే తెలుస్తుంది. టోక్యోలో 2021లో భవానీ దేవి ఒలింపిక్స్‌లో ఆడిన తొలి భారతీయ ఫెన్సర్ అయ్యాక తెలుగు టీవీల్లోనూ ఈ ఆట పేరు వినబడింది కానీ, రిఫరీ మాటలకు అర్థం చెప్పినవాళ్ళు తక్కువ.

తిరుపతి_పీఈటీ:

అలాగే రాస్తాను: కాపు (పారీ), మారుపోటు (రిపోస్ట్), ఎదురుదాడి (కౌంటర్ అటాక్). మరి కౌంటర్ రిపోస్ట్‌ను ఎదురు మారుపోటు అనవచ్చా?

ఫాయిల్_కోచ్:

‘ఎదురు’ అక్కడ పెట్టకండి మాస్టారూ, మళ్ళీ కలిసిపోతుంది. ఈ ఆటలో ‘కౌంటర్’ మూడు చోట్ల మూడు పనులు చేస్తుంది. కౌంటర్ అటాక్‌లో కాపు లేదు, ప్రాధాన్యమూ లేదు. కౌంటర్ రిపోస్ట్ అంటే ప్రత్యర్థి రిపోస్ట్‌ను కాచుకుని తిరిగి పొడవడం. కాపు ఉంది కాబట్టి ప్రాధాన్యమూ ఉంది. కౌంటర్ పారీ అంటే అసలు పొడవడమే కాదు. కత్తి మొనను చిన్న సున్నా చుట్టినట్టు తిప్పి ప్రత్యర్థి కత్తిని మొదటి వైపుకే తెచ్చి కాచడం.

కౌంటర్ పారీని చుట్టు కాపు అనండి. కౌంటర్ రిపోస్ట్‌ను రెండో మారుపోటు అనండి, ఆ తర్వాతది మూడో మారుపోటు. ఒకటోది, మూడోది మొదట కాచుకున్నవాళ్ళవి. రెండోది మొదట దాడి చేసినవాళ్ళది. సాధనలో అంకె పైకి చెప్పిస్తూ ఆడించండి, రెండు లైట్లు వెలిగినప్పుడు చివరి కాపు ఎవరిదో పిల్లలే చెప్పగలుగుతారు.